దూరదేశములందు చదువుకొను మన పిల్లల మనస్స్వాస్థ్యము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గైకొన్న మమ్ము కార్యదర్శిగారు ప్రసంగమునకు పిలిచినప్పుడు, ఏ కాళిదాసకవిత్వమును గూర్చియో మాటలాడుదుమని తలచియుందురు. మేము వేఱొక విషయము నెన్నుకొంటిమి. అందుకు కారణము నిన్నటి సన్మానసభ. ఈ వేదికమీదనే, ఈ సంవత్సరము ఉన్నతవిద్యకై విదేశములకు పోవుచున్న మన బాలబాలికలకు శాలువలు కప్పితిమి, దండలు వేసితిమి, ఫొటోలు తీయించితిమి. చూచి సంతోషించినవారిలో మేమును ఒకరము. అయితే, వారక్కడకు పోయిన పిమ్మట వారి మనస్సెట్లున్నదో ఎవరు విచారింతురను ప్రశ్న ఎవ్వరి నోటను రాలేదు. ఆ ప్రశ్ననే మేము నేడు తమ ముందుంచుచున్నాము.

2023-24 విద్యాసంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలో నున్న విదేశ విద్యార్థుల సంఖ్య 11,26,690 అని అక్కడి ఓపెన్ డోర్స్ నివేదిక తెలుపుచున్నది. అందు భారతీయులు 3,31,602 మంది. ఆ యేట మఱి యే దేశమునుండియు ఇంతమంది లేరు. వీరిలో మన తెలుగు పిల్లల పాలెంతయో, ఆగస్టు మాసమున ఒక రాత్రి హైదరాబాదు విమానాశ్రయము ముంగిట నిలిచి చూచినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఒక్కొక్క పిల్లవానిని సాగనంపుటకు రెండు మూడు కార్లలో జనము. తల్లి చేతిలో ఆవకాయ పొట్లము. తండ్రి చేతిలో కాగితముల సంచి.

కులసభలకును విదేశవిద్యకును గల సంబంధము క్రొత్తది కాదు. 1888వ సంవత్సరమున, పందొమ్మిదేండ్లు నిండని మోహనదాసు గాంధీ న్యాయశాస్త్రము చదువుటకు లండనునకు బయలుదేరగా, బొంబాయిలో ఆయన కులమువారు సభ చేసి సముద్రయానము నిషిద్ధమనిరి. ఆయన వినకపోగా వెలివేసిరి. ఆయనకు సాయము చేసినవారికిని, రేవునకు సాగనంప పోయినవారికిని రూపాయి నాలుగణాలు జరిమానా యని శాసించిరి. ఈ సంగతిని ఆయన తన ఆత్మకథలో వ్రాసికొన్నారు. లండను చేరిన తొలిదినములలో ఇల్లును తల్లియు జ్ఞప్తికి వచ్చి రాత్రులు కన్నీరు కార్చుటయు, ఆ దుఃఖము నెవ్వరితోను చెప్పుకొన వీలు లేకపోవుటయు ఆ గ్రంథముననే వ్రాసికొన్నారు. నాటి కులసభ వెలివేసినది, నేటి కులసభ దండ వేయుచున్నది. మార్పు మంచిదే. కాని ఆ రాత్రి కన్నీటి సంగతి నాటివారును అడుగలేదు, మనమును అడుగుట లేదు.

బిరుదులు వచ్చినవి గదా, ఇక సుఖమునకు కొదవ యేమని కొందఱందురు. శ్రీనివాస రామానుజన్ 1914లో కేంబ్రిడ్జికి పోయెను. యుద్ధకాలము, చలిదేశము, శాకాహార నియమము. తన వంట తానే చేసికొనవలసి వచ్చెను. 1918లో రాయల్ సొసైటీవారు సభ్యత్వమిచ్చి గౌరవించునాటికి ఆయన చికిత్సాలయమున నుండెను. 1919లో స్వదేశము చేరి, మఱుసటి సంవత్సరమున ముప్పది రెండేండ్ల ప్రాయముననే గతించెను. లోకము కీర్తించుచున్న దినములలోనే ఆ మనిషి లోపల ఏమగుచున్నదో లోకమునకు తెలియకుండవచ్చును.

ఇప్పటి మన పిల్లవాని దినచర్యను కొంచెము చూతము. ఇంటిలో మంచినీళ్లు కూడ తల్లి అందింపగా త్రాగినవాడు, అక్కడ నలుగురితో కలిసి రెండు గదుల యింట కాపురముండును. వంట, పాత్రలు, బట్టలు, అద్దె లెక్క, అన్నియు తానే. శీతకాలమున చికాగో గడియారమునకును మన గడియారమునకును పదునొకండున్నర గంటల భేదము. మనము కాఫీ త్రాగుచు ఫోను చేయువేళకు వాడు రాత్రి అలసి కన్నులు మూయబోవుచుండును. వానికి తెల్లవారి మాటలాడవలెననిపించు వేళకు మన యింట దీపములు పెట్టి, టీవీ ముందర కూర్చుండి యుందుము. డిసెంబరు మూడవ వారమున అక్కడ పగలు తొమ్మిది గంటల చిల్లర మాత్రమే. హైదరాబాదులో ఆ దినములలోను పదునొకండు గంటలుండును. ఎండలేమి కొందఱి మనస్సును క్రుంగదీయునని వైద్యులు 1984లో ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించిరి. మన బాలునకు ఇది తెలియదు. 'నాకేమో బద్ధకము హెచ్చినది' అని తన్ను తానే తిట్టుకొనును.

అంతకన్న బరువైనది ఋణము. పొలమో ఇల్లో తాకట్టు పెట్టి లక్షలకొలది తెచ్చి పంపుదుము. చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరమువఱకు వాయిదాలు కట్టనక్కఱలేదని బ్యాంకులవారు సాధారణముగా సెలవిత్తురు. వడ్డీ మాత్రము సొమ్ము చేతికిచ్చిన నాటినుండి పెరుగుచునే యుండును. వాడు అక్కడ ఒక పూట బయట తిన్నచో ఆ డాలర్లను రూపాయలలోనికి మార్చి లెక్కించుకొని, తండ్రి కట్టు వడ్డీతో పోల్చుకొనును. మా యెఱిగిన పిల్లలలో ఇట్లు లెక్కించి లెక్కించి భోజనము మానుకొన్నవారున్నారు.

ఆ పైని చట్టము. విద్యార్థి వీసాపై నున్నవాడు చదువు నడుచు దినములలో వారమునకు ఇరువది గంటలకు మించి విశ్వవిద్యాలయపు ఆవరణలో పనిచేయరాదు. బయట పనికి అనుమతి సులభముగా రాదు. ప్రతి టెర్ములోను నియమించినన్ని కోర్సులు తీసికొనవలెను. పట్టము చేతికి వచ్చిన పిమ్మట పండ్రెండు మాసములు, శాస్త్ర సాంకేతిక విద్యలవారికి మఱి యిరువదినాలుగు మాసములు ఉద్యోగ శిక్షణకు అవకాశము కలదు. కాని ఆ మొదటి పండ్రెండు మాసములలో తొంబది దినములకు మించి పనిలేకయున్నచో ఆ దేశమున నిలుచు అర్హత పోవును. తరువాతి హెచ్-1బి వీసాలు సాధారణముగా సంవత్సరమునకు 85,000. కోరువారు అంతకు మిక్కిలి యధికులు. ఈ నిబంధనలు మాఱుచునే యుండును. మేము చెప్పదలచిన దిది: ఈ ఫలితము వాని కృషికి మాత్రమే లోబడినది కాదు. అది యెఱుగక మనము, 'ఫలానావారి యబ్బాయికి వచ్చినదట, నీకేల రాలేదు?' అని అడుగుదుము. తొంబది దినములను వ్రేళ్లమీద లెక్కించుకొనువానికి ఈ ప్రశ్న యెట్లు తగులునో ఆలోచింపుడు.

ఇట్టి స్థితిలో వాడు ఇంటికి నిజము చెప్పడు. 'బాగున్నావా నాయనా?' – 'బాగున్నానమ్మా.' 'తిన్నావా?' – 'తిన్నాను.' ఈ రెండు మాటలు వాట్సాపులో ప్రతిదినమును ఖండాంతరములు దాటుచున్నవి. ఇందు అసత్యమెంతయో తల్లికి కొంత తెలియును; తెలిసియు అడుగుటకు వెఱచును. ఆడపిల్లలయెడ మఱియొక బరువు: 'సంబంధములు వచ్చుచున్నవి, నీ యుద్యోగము సంగతి తేలినచో వరునివారికి చెప్పుదుము' అని ప్రతి ఫోనులోను వినిపింతుము. పిల్లల ఉద్యోగమునుబట్టి వరశుల్కము ఏర్పడుచున్నదని ఈ సభలలో ఎన్నిమారులు తీర్మానములు చేసితిమో లెక్కలేదు. వానిని చేసినవారి యిండ్లలోని సంగతి మేమిచ్చట ఎత్తము.

మాయొద్ద చదివిన యొక బాలుడు టెక్సాసు రాష్ట్రమున ఇంజనీరింగు చదువుచు, ఒకనాడు ఫోను చేసి, 'మాస్టారూ, చంపకమాలకు యతి యెన్నవ యక్షరమున?' అని యడిగెను. పదునొకండవది యని చెప్పితిమి. నాలుగు దినములకు మరల పిలిచి మత్తేభమును గూర్చి యడిగెను. అప్పుడు వానికి రాత్రి రెండు గంటలు. మూడవమారు శార్దూలము వఱకు రాకమునుపే, 'నాయనా, రాత్రి రెండు గంటలకు ఇంజనీరునకు యతితో పనియేమి? నిద్రపట్టుట లేదా?' అని యడిగితిమి. కొంతసేపు మాట రాలేదు. పిదప, 'మూడు వారములైనది మాస్టారూ, క్లాసులకు పోవుటలేదు' అనెను. ఇంటివారికి తెలియదు, తోడి గదివారికి తెలియదు. వాడు మాతో చెప్పుటకు కారణము మా గొప్ప యేమియు కాదు. మేము వానికి అప్పు ఇచ్చినవారము కాము, వాని పెండ్లికి బాధ్యులము కాము; మా యెదుట వానికి ఓడిపోవుట కేమియు లేదు. అందువలన చెప్పెను. మేము చేసిన దెల్ల, అడ్డుపడక వినుట. మఱునాడు తోడి గదివానిని వెంటబెట్టుకొని విశ్వవిద్యాలయపు కౌన్సెలింగు కేంద్రమునకు పొమ్మనుట. పోయెను. చికిత్స జరిగెను. ఒక టెర్ము ఆలస్యముగా పట్టము పుచ్చుకొనెను. పేరు చెప్పకుండ ఈ మాట సభలో చెప్పుమని వాడే మాకు అనుమతి యిచ్చెను.

మన పెద్దలు ఇట్టి వేళల మందలించుటయే మందనుకొందురు. 'మేము మీ యీడున లాంతరు వెలుగులో చదివితిమి, మీకేమి తక్కువ?' అనుట వాడుక. భగవద్గీతను మనము పూజామందిరమున నుంచుకొందుము. దాని మొదటి యధ్యాయమునకు విషాదయోగమని పేరున్న సంగతి మఱతుము. అర్జునునకు నోరెండుట, మేను కంపించుట, విల్లు జాఱుట, నిలువలేకపోవుట అచ్చట వర్ణితములు. నేటి వైద్యుడు ఆ లక్షణములను విన్నచో కాగితముపై వ్రాసికొనును. అర్జునుడు తన దుఃఖమును చెప్పుకొన్నంతసేపు, ఆ యధ్యాయము ముగియువఱకు, కృష్ణుడు నడుమ మాటలాడలేదు. రెండవ యధ్యాయము మొదట ఆయన కొంచెము గద్దించిన మాట నిజమే. కాని ఆ గద్దింపుతో గాండీవము లేవలేదు. అర్జునుడు మరల తన బాధ చెప్పుకొని, యుద్ధము చేయనని యూరకుండెను. అసలు బోధ ఆ తరువాతనే యారంభమైనది. మందలింపు పనిచేయలేదని ఆ గ్రంథమే చూపుచున్నది.

మనస్సునకు వైద్యమేమిటి, అది వెఱ్ఱివారికి గదా యను శంక కొందఱికి కలదు. చరకుడు సూత్రస్థానమున చికిత్సను మూడువిధములుగా విభజించి, దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయములతోపాటు సత్త్వావజయమును చెప్పెను. అహితమగు విషయములనుండి మనస్సును మఱలించుట దాని యర్థము. కావున మనోవైద్యము పాశ్చాత్యులు తెచ్చిన వింత కాదు. అట్లని వేయేండ్లనాటి గ్రంథమును నమ్ముకొని నేటి వైద్యుని మానుకొనుమని మేమనము. నిద్ర, ఆకలి, చదువుమీది యాసక్తి రెండువారములకు మించి చెడియున్నచో చూపించుకొనవలెను. చూపించుకొన్నచో అధికసంఖ్యాకులకు గుణము చిక్కును.

ఇక్కడ మన తలిదండ్రులకు తెలియవలసిన సంగతులు కొన్ని కలవు. అక్కడి విశ్వవిద్యాలయములలో కౌన్సెలింగు కేంద్రములు దాదాపు అంతటను కలవు. విద్యార్థులకు ఉచితముగనో స్వల్పరుసుముతోనో చూతురు. చెప్పుకొన్న మాటలు, ప్రాణాపాయము సమీపించినప్పుడు తప్ప, సాధారణముగా అతని యనుమతి లేక బయటికి పోవు. 'డాక్టరునొద్దకు పోయితినని తెలిసినచో వీసా పోవును' అను భయము మన పిల్లలలో మిక్కిలిగా నున్నది. వాస్తవ మిందుకు విరుద్ధముగా నున్నది. అనారోగ్యకారణమున కోర్సులు తగ్గించుకొనుటకు ఆ దేశపు నిబంధనలే దారి చూపుచున్నవి: వైద్యుడు గాని, లైసెన్సు కల మనస్తత్త్వ చికిత్సకుడు గాని వ్రాసి యిచ్చినచో, విశ్వవిద్యాలయపు విదేశవిద్యార్థి కార్యాలయమువారి యనుమతితో, ఒక చదువుకాలమున మొత్తము పండ్రెండు మాసములవఱకు కోర్సులు తగ్గించుకొనవచ్చును, అవసరమైనచో పూర్తిగా మానుకొనవచ్చును. అనుమతి మాత్రము ముందుగా పొందవలెను. చెప్పకుండ క్లాసులు మానుటయే వీసాకు ముప్పు తెచ్చును. మా విద్యార్థికి ఒడ్డు దొరకినది ఈ నిబంధనవలననే. ఇట్టి దారి యున్నదని వానికి మూడు వారములు తెలియకుండుట మాకు మిక్కిలి బాధ కలిగించినది.

ఇంకొక మాట సూటిగా చెప్పవలెను. పిల్లవాడు మాటిమాటికి 'నావలన అందఱికిని భారమే' అన్నను, వస్తువులు పంచిపెట్టినను, వీడియో తీసివేసి ముక్తసరిగా మాటలాడుచున్నను, 'నీకు ప్రాణముమీద విసుగు పుట్టినదా?' అని అడుగవలెను. అడిగినచో లేని తలంపు పుట్టునేమోయని వెఱవవలదు. అడుగుటవలన అది పుట్టదని, పైపెచ్చు చెప్పుకొనుటకు వీలు కలుగునని వైద్యులు చెప్పుచున్నారు. ఔనన్నచో తిట్టవలదు, ఏడ్వవలదు. ఫోను పెట్టివేయక, దగ్గఱనున్న స్నేహితుని వాని గదికి పంపవలెను.

మన సంఘమునకు ఇందు పనియేమని యెవరైన అడుగవచ్చును. పూర్వము పల్లెనుండి పట్టణమునకు చదువ వచ్చిన బాలునకు తలదాచుకొన చోటు లేకుండెను. అది చూచియే పెద్దలు వసతిగృహములు కట్టించిరి. 1918లో హైదరాబాదున రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు అందఱెఱిగినదే; అట్టివి తెలుగునాట పలుచోట్ల వెలసినవి. అందు ముఖ్యమైనది కట్టడము కాదు, వార్డెను. బంతిలో ఒక విస్తరి ఖాళీగా నున్నచో ఆయనకు తెలియును; ఆ గది తలుపు తట్టును. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వము, ఇక్ష్వాకుల కాలమున నాగార్జునకొండయందు సింహళదేశపు భిక్షువులకై ప్రత్యేకముగా సింహళవిహారముండెనని అచ్చటి శాసనము చెప్పుచున్నది. దూరమునుండి వచ్చినవానికి తనవారి మాట వినబడు చోటొకటి కావలెనని ఈ నేల యెన్నడో యెఱిగినది. నేడు మన పిల్లవాడు పదివేల మైళ్ల కవ్వల నొక విస్తరి ఖాళీగా విడిచినచో తలుపు తట్టువాడెవడు?

విదేశములందు స్థిరపడిన మన కులబంధువులు ఈ సభకు ఉదారముగా విరాళములు పంపుచున్నారు. వారి పేళ్లు ఈ సంచికలో మొదటనే యచ్చుపడును. వారినుండి ధనముకన్న విలువైనది మఱొకటి కోరుచున్నాము: వారముననొక గంట. విద్యార్థులెక్కువగా నున్న యొక్కొక్క పట్టణమున ఇద్దఱు గృహస్థులు, వీలైనచో భార్యాభర్తలు, క్రొత్తగా వచ్చిన పది పదునైదుమంది పిల్లల పేళ్లు దగ్గఱనుంచుకొని, నెలకొకమారు పిలిచి అన్నము పెట్టి, మాట్లాడించిన చాలును. ఉద్యోగపు సంగతి వారు అడుగకుండుటయే మొదటి నియమము. తానా వంటి తెలుగు సంఘములు ఆపద వచ్చినప్పుడు ఎంతయో పాటుపడుచున్నవి. మనము కోరునది ఆపదకు ముందటి పలుకరింపు. ఈ పనిలో మన కులమువారని పేళ్లు ఏరుట మాకిష్టము లేదు. ఒకే గదిలో నలుగురుందురు. ఒకని పిలిచి ముగ్గురను విడుచుట కన్నము పెట్టు చేతికి తగదు. ఈ మాట కులసభలో చెప్పుట కొందఱికి రుచింపకపోవచ్చును.

విద్యానిధినుండి వేతనములిచ్చుచున్నాము. దానిలో కొంత భాగమును తిరుగు టిక్కెట్టు నిధిగా నుంచవలెనని మా కోరిక. మనస్సు చెదరిన విద్యార్థి ఇంటికి రాదలచినచో, కారణము రచ్చకెక్కింపక, వెంటనే టిక్కెట్టు ఇచ్చునట్లుండవలెను. వచ్చినవానిని చూచి, 'అమెరికానుంచి వచ్చేశాడట, ఏమి జరిగిందో' అని గుసగుసలాడువారు మనయిండ్లలోనే యున్నారు. వానికి ఆ గుసగుస భయమే విమానమెక్కనీయదు. కనుక టిక్కెట్టు కొనుటకన్న ఆ నోళ్లు మూయించుట కష్టమని మేమెఱుగుదుము. అది తీర్మానముతో కాదు. ఒకరిద్దఱు పెద్దమనుష్యులు తమ పిల్లల సంగతి తామే దాచక చెప్పినచో మొదలగును. ఈ సభలో అట్టివారున్నారు. వారి పేళ్లు మేము చెప్పము.

సన్మానసభను మానుమని మేమనము. దానికి ముందు ఒక పూట తలిదండ్రులను, పిల్లలను కూర్చుండబెట్టి, ఒక మనోవైద్యునిచేతను, అక్కడ చదివి వచ్చిన యొక విద్యార్థిచేతను మాటలాడింపవలెను. శాలువతోపాటు ఒక చిన్న కార్డు ఇచ్చి, దానిపై ఈ క్రింది సంఖ్యలచ్చు వేయింపవలెను. అమెరికాలో 2022 జులై మాసమునుండి 988. ఫోను చేయవచ్చును, సందేశము పంపవచ్చును. కెనడాలో 2023 నవంబరునుండి అదే సంఖ్య. ఇంగ్లండులో సమారిటన్సు వారిది 116 123. ఆస్ట్రేలియాలో లైఫ్‌లైను వారిది 13 11 14. ఇక్కడి తలిదండ్రులకు, 2022 అక్టోబరు 10న మన కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్, 14416. రాత్రింబగళ్లు పలుకును, తెలుగులోను మాటలాడుదురు.

ఈ మూడు విషయములను, అనగా పట్టణమునకిద్దఱు గృహస్థులు, తిరుగు టిక్కెట్టు నిధి, ప్రయాణమునకు ముందు సమావేశము, ఒకే తీర్మానముగా వ్రాసి తెచ్చితిమి. రేపటి విషయనిర్ణయసంఘమున దీనిని ప్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి యనుమతి వేడుచున్నాము. బలపఱచువారు ఈ సాయంకాలము భోజనమునకు పూర్వము తమ పేళ్లు కార్యదర్శిగారికి తెలుపుదురు గాక.